హ్యామర్ ఎక్కించి, సేఫ్టీ వేసి నడుముకు పెట్టుకునే సింగిల్ యాక్షన్ పిస్టల్: ఏమేం చూసుకోవాలి?

కొత్తపిడి:

నమస్కారమండీ. లైసెన్సు, దాచి ధరించే అనుమతి రెండూ ఉన్నాయి, ఆ చర్చ ఇక్కడ వద్దు. ఇప్పటిదాకా స్ట్రైకర్‌తో పనిచేసే పిస్టలే వాడకం. దానికి బయట సేఫ్టీ మీట లేదు, హ్యామరూ కనబడదు. ఇప్పుడు 1911 తరహాకి, అంటే ముందే ఎక్కించి ఉంచిన హ్యామర్‌ని ట్రిగ్గర్ వదలడం మాత్రమే చేసే సింగిల్ యాక్షన్ పిస్టల్‌కి, మారుతున్నాను: 9 ఎం.ఎం., నాలుగుంబావు అంగుళాల బ్యారెల్, ఎడమ పక్క మాత్రమే సేఫ్టీ మీట, పిడి వెనక గ్రిప్ సేఫ్టీ. నాది కుడిచేతి వాటం. నడుము కుడి పక్కన ప్యాంటు లోపలి వైపు హోల్‌స్టర్, పైన వదులు చొక్కా.

చాంబర్‌లో తూటా, హ్యామర్ పూర్తిగా వెనక్కి, సేఫ్టీ పైకి. ఇదే సరైన పద్ధతి అంటారు. చూస్తే మాత్రం ఇప్పుడో ఇంకాసేపటికో పేలేలా ఉంది. హ్యామర్ దించేసి పెట్టుకుంటే ఇంకా భద్రం కాదా? రెండోది, రోజంతా కూర్చుని లేస్తుంటే సేఫ్టీ మీట దానంతటదే దిగిపోతే? మూడోది, తీసేటప్పుడు సేఫ్టీ ఏ క్షణాన దించాలి, తిరిగి పెట్టేటప్పుడు ఏ క్షణాన వేయాలి? చివరగా, సేఫ్టీ వేసి ఉంటే స్లైడ్ (వెనక్కీ ముందుకీ జరిగే పై భాగం) కదలడం లేదు. రాత్రి ఖాళీ చేయాలంటే సేఫ్టీ తీయక తప్పడం లేదు. ఇది పిస్టల్‌లో లోపమా?

సియర్‌గాడి:

చివరిది ముందు చెప్పేస్తాను. లోపం కాదు. 1911లో సేఫ్టీ మీట పైకి వేసినప్పుడు దాని పై అంచు స్లైడ్‌లోని గాడిలోకి వెళ్లి స్లైడ్‌ని కూడా పట్టేస్తుంది. బ్రౌనింగ్ హై పవర్ అనే ఇంకో సింగిల్ యాక్షన్ పిస్టల్‌లోనూ అంతే. సిగ్ పీ238, పీ938 లాంటి చిన్న పిస్టల్స్‌లో మాత్రం సేఫ్టీ వేసే ఉంచి స్లైడ్ లాగవచ్చు, ఖాళీ చేసేటప్పుడు అది మంచి వసతి. మీ దాంట్లో అది లేదు కాబట్టి సేఫ్టీ తీసిన ఆ కొద్ది సెకన్లు గొట్టం మూతి ఎటు ఉందన్నదే మీకున్న రక్షణ.

ఇక హ్యామర్ సంగతి. వెనక్కి ఎక్కి ఉన్న హ్యామర్‌ని పట్టుకుని ఉంచేది సియర్. హ్యామర్ అడుగున ఉన్న కొక్కేలలో సియర్ మొన దిగి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే దాని వెనక భాగం డిస్‌కనెక్టర్‌ని (ట్రిగ్గర్‌కీ సియర్‌కీ మధ్య లంకె, స్లైడ్ మూసుకోనప్పుడు తెగిపోయేది) తోస్తుంది, అది సియర్ కాళ్లను తోస్తుంది, సియర్ తిరిగి మొన కొక్కేల నుంచి జారుతుంది. సేఫ్టీ మీట లోపలి గుబ్బ సరిగ్గా ఆ సియర్ కాలి వెనక వచ్చి నిలబడుతుంది, సియర్ తిరగడానికి చోటుండదు. గ్రిప్ సేఫ్టీ పని వేరే చోట: పిడిని అరచేత్తో నొక్కి పట్టనంతసేపూ ట్రిగ్గర్‌ని వెనక్కి రానివ్వదు. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడవు. కొక్కేలు విరిగినా, సియర్ జారినా హ్యామర్‌ని మధ్యలో ఆపడానికి హాఫ్ కాక్ గాడి ఒకటి ఉంది. కొన్నింటిలో వీటికి తోడు ఫైరింగ్ పిన్‌కి (తూటా అడుగుని కొట్టే సూదికి) అడ్డు కూడా ఉంటుంది. అంటే హ్యామర్ ఎక్కి ఉండటం మీ కంటికి కనబడుతోంది, అంతే. స్ట్రైకర్ పిస్టల్స్‌లో చాలావాటికి లోపల స్ప్రింగు సగమో పూర్తిగానో బిగిసే ఉంటుంది, బయటికి తెలియదు.

హ్యామర్ దించి పెట్టుకోవడం భద్రం కాదు సరికదా, అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. అమెరికన్ పిస్టల్ శిక్షకుడు జెఫ్ కూపర్ పేరు మీద వాడుకలో ఉన్న లెక్కలో దాన్ని కండిషన్ 2 అంటారు: చాంబర్‌లో తూటా, హ్యామర్ కిందికి. మీరు అడిగిన ఎక్కించి తాళం వేసేది కండిషన్ 1. చాంబర్ ఖాళీ, మ్యాగజైన్ నిండు అయితే 3. కండిషన్ 2కి రావాలంటే ఏం చేయాలో ఒక్కసారి వరసగా చూడండి. సేఫ్టీ కిందికి దించాలి, గ్రిప్ సేఫ్టీ నొక్కి పట్టాలి, ట్రిగ్గర్ లాగాలి. చాంబర్‌లో తూటా ఉండగా ఉన్న అడ్డులన్నీ చేతులారా తీసేసి, కిందికి దూసుకొచ్చే హ్యామర్‌ని చెమట పట్టిన బొటనవేలి కింద పట్టుకోవాలి. పైగా పిడి మీదుగా వెనక్కి సాగి ఉండే బీవర్‌టెయిల్ ఆ వేలికి చోటివ్వదు. జారిందంటే పేలినట్టే. అవసరం వచ్చినప్పుడు మళ్లీ అదే వేలితో, అదే ఇరుకులో, హ్యామర్ ఎక్కించాలి.

హాఫ్ కాక్ మీద ఆపి మోయడం కూడా వద్దు. అది పట్టు తప్పిన హ్యామర్‌ని ఆపే గాడి. వెనక నుంచి దెబ్బ తగిలితే ఎంతవరకు ఆగుతుందన్నది ఆ పల్చటి లోహం మీద ఉంటుంది. సోవియట్ సైనిక పిస్టల్ టోకరెవ్ టీటీ-33 అసలు నమూనాకి హాఫ్ కాక్ తప్ప మరో సేఫ్టీయే లేదు. దాన్ని చాంబర్ ఖాళీగా ఉంచి మోయడమే మంచిదని చెప్పేది అందుకే.

ఇదంతా పిస్టల్ లోపలి అమరిక సరిగ్గా ఉంటేనే. 1911లో సేఫ్టీ మీట అలా తీసి ఇలా తగిలించే భాగం కాదు, ఆ పిస్టల్‌లోని సియర్‌కి ఆకురాయితో సరిపెట్టి కూర్చోబెట్టేది. ఎవరైనా ట్రిగ్గర్ తేలిక చేయడానికి సియర్ మార్చి, సేఫ్టీని మళ్లీ సరిచూడకుండా వదిలేస్తే గుబ్బకీ సియర్‌కీ మధ్య సందు మిగులుతుంది. సేఫ్టీ వేసి ఉన్నట్టే కనబడుతుంది, సియర్ మాత్రం కొంచెం కదులుతుంది. కొత్తదైనా, పాతదైనా, మరమ్మతు నుంచి వచ్చినదైనా నడుముకు పెట్టే ముందు ఈ పరీక్షలు చేయండి. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి ఆపి, చాంబర్‌ని కంటితో చూసి వేలితో తడిమి, తూటాలను ఆ గదిలో లేకుండా చేశాక మాత్రమే.

సేఫ్టీ మీట: హ్యామర్ ఎక్కించి, సేఫ్టీ పైకి వేసి, పిడి గట్టిగా పట్టుకుని, ట్రిగ్గర్‌ని మామూలుకి రెట్టింపు, అంటే నాలుగైదు కిలోల బలంతో లాగండి. హ్యామర్ పడకూడదు. ట్రిగ్గర్ వదిలేయండి. ఇప్పుడు వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి సేఫ్టీ దించండి. ఇప్పుడూ పడకూడదు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు పరీక్ష ఆ తర్వాతే ఉంది. పిస్టల్‌ని చెవి దగ్గర పెట్టుకుని హ్యామర్‌ని బొటనవేలితో రవ్వంత వెనక్కి లాగండి. నిశ్శబ్దంగా ఉంటే సియర్ కదల్లేదని అర్థం. సన్నగా ‘టిక్’ మని వినబడితే సియర్ కొంచెం జారి, ఇప్పుడు తిరిగి చోటుకి వచ్చిందన్నమాట. ఆ పిస్టల్ పనివాడి దగ్గరికి వెళ్లాలి, నడుముకి కాదు.

గ్రిప్ సేఫ్టీ: హ్యామర్ ఎక్కించి, సేఫ్టీ మీట దించి, గ్రిప్ సేఫ్టీకి చేయి తగలకుండా పిడి పక్కల్ని పట్టుకుని ట్రిగ్గర్ లాగండి. పడకూడదు. తర్వాత కొద్దికొద్దిగా నొక్కుతూ చూడండి. సగం దూరం దాటాక వదిలితే బాగున్నట్టే. తాకీ తాకగానే వదిలేస్తే అది ఉన్నా లేనట్టే.

డిస్‌కనెక్టర్: స్లైడ్‌ని ఆరు మిల్లీమీటర్లు వెనక్కి లాగి పట్టుకుని ట్రిగ్గర్ లాగితే హ్యామర్ పడకూడదు. ట్రిగ్గర్ వదలకుండానే స్లైడ్‌ని ముందుకు పోనివ్వండి, అప్పుడూ పడకూడదు. ట్రిగ్గర్ వదిలి మళ్లీ లాగితేనే పడాలి.

హాఫ్ కాక్: హ్యామర్‌ని మెల్లగా ఆ గాడి దాకా తెచ్చి ట్రిగ్గర్ లాగండి. పాత సిరీస్ 70 తరహాలో (కోల్ట్ కంపెనీ 1911లకి సిరీస్ 70, తర్వాతి సిరీస్ 80 అని రెండు అమరికలున్నాయి) పడకూడదు. కోల్ట్ సిరీస్ 80లో గాడి బదులు చదునైన మెట్టు ఉంటుంది, దాని మీద నుంచి ట్రిగ్గర్ లాగితే పడుతుంది. అది దాని నిర్మాణమే, కంగారు పడొద్దు.

హై పవర్ వాళ్లకి ఒక మాట: మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయని అమరిక అందులో ఉంది. ఖాళీ మ్యాగజైన్ పెట్టి పరీక్షించకపోతే, సేఫ్టీ ఆపిందో మ్యాగజైన్ లేక ఆగిందో తెలియదు.

కైడెక్స్‌గూడు:

పైన చెప్పినదానికి చేర్చాల్సింది: సేఫ్టీ మీట ఎంత బాగున్నా దాన్ని రెండో రక్షణగానే లెక్కపెట్టండి. మొదటిది ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్. కొత్తపిడి గారి రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. మీట దిగిపోయినా గట్టి గూడులో ఉన్న ట్రిగ్గర్‌ని ఏదీ తాకలేదు, చేయి లేదు కాబట్టి గ్రిప్ సేఫ్టీ నొక్కుకోదు. మరీ బిగువైన బెల్టు కింద ఒళ్లు ఒత్తుకుని గ్రిప్ సేఫ్టీ నొక్కుకున్నా ట్రిగ్గర్ మాత్రం మూసే ఉంటుంది. అలాగని మీట దిగడాన్ని మామూలే అని వదిలేయకూడదు, ఎందుకు దిగుతోందో వెతకాలి.

మీది కుడి నడుము, ఎడమ పక్క మీట. అంటే మీట ఒంటి వైపు ఉంటుంది. నడుము కండ, చొక్కా మడత, బెల్టు దాన్ని కిందికి రుద్దుతాయి. హోల్‌స్టర్‌కి ఒంటి వైపు పైదాకా లేచి మీటనీ హ్యామర్‌నీ కప్పే పలక ఉండాలి. అది మీటను కప్పినా బొటనవేలు చేరడానికి చోటు వదిలిందో లేదో పట్టుకుని చూడండి. కొన్ని తోలు హోల్‌స్టర్లలో మీట కింద చిన్న గట్టు అచ్చుపోసి ఉంటుంది, పైకి వేసిన మీటను అదే నిలబెడుతుంది. రెండు పక్కలా మీట ఉన్న పిస్టల్ అయితే కుడి పక్క మీట బయటి వైపు ఉంటుంది. కుర్చీ చేతులు, సీటు బెల్టు బకిల్, తలుపు అంచు తగిలేది దానికే. ఎడమచేతి వాటం కాకపోతే ఒక పక్క మీటే చాలు, రెండో పక్కది సన్నగా ఉండేది పెట్టుకోవచ్చు.

మీట తేలిగ్గా దిగడానికి ఇంకో కారణం ప్లంజర్ ట్యూబు. ఎడమ పక్క పిడి పలక పైన ఉండే చిన్న గొట్టం. అందులోని స్ప్రింగు ఒక కొసన స్లైడ్ స్టాప్‌ని, ఇంకో కొసన సేఫ్టీ మీటని ఒత్తి పడుతుంది. ఫ్రేమ్‌లోకి దాన్ని రివెట్ కొట్టినట్టు బిగిస్తారు. వదులైతే మీట పట్టు పోతుంది, మరీ పైకి లేస్తే మీట కిందికి దిగకుండా ఇరుక్కుంటుంది. ఇది మరీ చెడ్డది. గోటితో పైకి లేపి చూడండి, ఏమాత్రం కదలకూడదు. పల్చటి పిడి పలకలు మార్చుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి: మామూలు పలక పై అంచు ఆ గొట్టాన్ని కింద నుంచి ఆనుకుని ఉంటుంది, పల్చటివి కొన్ని ఆనవు. మీటను పైకి, కిందికి వేసినప్పుడు రెండు వైపులా స్పష్టమైన ‘టక్’ వేలికి తెలియాలి. నూనె జిడ్డులో తేలినట్టు జారితే స్ప్రింగు మార్చాలి.

కొత్త హోల్‌స్టర్‌ని ముందు ఖాళీ పిస్టల్‌తో రెండు మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని తిరగండి. వంగండి, కుర్చీలో జారబడండి, వాహనంలో కూర్చోండి. ప్రతిసారి తీసే ముందు వేలితో తడిమి మీట ఎక్కడుందో చూడండి. ఒక్కసారి దిగి కనబడినా ఆ హోల్‌స్టర్ మీ ఒంటికి కుదరలేదు, లేదా మీట పట్టు చాలదు. పరుపు మీద హోల్‌స్టర్‌ని తలకిందులు చేసి ఊపినా పిస్టల్ జారి పడకూడదు. కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్ల బిగింపు మరలు నెమ్మదిగా వదులవుతాయి. విప్పడానికి వీలుండే నీలిరంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి.

మెత్తటి గుడ్డ హోల్‌స్టర్లు, మూతి నలిగిపోయిన పాత తోలు వద్దు. పిస్టల్ తీయగానే మూతి ముడుచుకుపోతుంది, తిరిగి పెట్టేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్ గార్డులోకి దూరుతుంది. పట్టీ ఉన్నవైతే పట్టీ ఎక్కి ఉన్న హ్యామర్‌కీ స్లైడ్‌కీ మధ్య నుంచి వెళ్లాలి. హ్యామర్ దించినప్పుడు మాత్రమే సరిపోయే పట్టీ అయితే ఆ హోల్‌స్టర్ మీ పిస్టల్‌కి కాదు. బెల్టు 38 మిల్లీమీటర్ల వెడల్పుతో బిరుసుగా ఉండాలి, లేకపోతే పిడి బయటికి వాలి చొక్కా కింద కనబడుతుంది, చేయి మాటిమాటికీ సర్దడానికి పోతుంది.

ఖాళీచాంబర్:

ఒక్క విషయంలో ఒప్పుకోను. అందరూ కండిషన్ 1 అంటే అదే అని నేరుగా దూకేస్తారు. సేఫ్టీ మీట అలవాటే లేని చేతికి మొదటి నెల చాంబర్ ఖాళీగా ఉంచి మోయమనడంలో తప్పేముంది? అవసరం వస్తే స్లైడ్ లాగి తూటా ఎక్కించుకోవడానికి రెండో చేయి కావాలి, ఆ చేతిలో పిల్లో సంచో ఉండొచ్చు, పెనుగులాటలో దొరక్కపోవచ్చు. నిజమే. కానీ సేఫ్టీ వేయడం మరిచి పిస్టల్‌ని నడుములోకి తోసే మనిషికన్నా అది మేలు.

సియర్‌గాడి:

తప్పు లేదు, నేను కాదనను. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకుని దాన్నే పట్టుకోవాలి. ఈ రోజు చాంబర్‌లో తూటా, రేపు ఖాళీ అని మార్చుకుంటూ పోతే ఏ రోజు ఏ స్థితిలో ఉందో చేతికి తెలియదు. చాంబర్ ఖాళీగా మోసేవాళ్లు హ్యామర్ కూడా కిందికే ఉంచండి. ఎక్కి ఉన్న హ్యామర్ చాంబర్ నిండుగా ఉందనడానికి గుర్తుగానే మిగలాలి. ఖాళీగా ఉందని నమ్మి ట్రిగ్గర్ మాత్రం ఎప్పుడూ తాకొద్దు.

బొటనవేలు:

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

తీసేటప్పుడు: ఎడమ చేత్తో చొక్కా పూర్తిగా పైకి. కుడిచేతి పట్టు హోల్‌స్టర్‌లో ఉండగానే పూర్తవ్వాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం బీవర్‌టెయిల్ కిందికి ఎంత పైకి పోతే అంత పైకి, చూపుడువేలు హోల్‌స్టర్ బయట చాచి, బొటనవేలు మీట మీద ఆని ఉండాలి కానీ నొక్కకూడదు. నిటారుగా పైకి లాగాలి. గొట్టం మూతి గూడు దాటి, ముందుకు తిరిగి, రొమ్ము ముందు రెండో చేయి కలిసే చోట సేఫ్టీ దించాలి. అంతకు ముందు కాదు. హోల్‌స్టర్‌లో ఉండగానే దించేస్తే మూతి మీ తుంటి మీదుగా, తొడ మీదుగా తిరిగే దారంతా సేఫ్టీ లేకుండా నడుస్తుంది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లేది చూపు గురి మీద నిలిచి, కాల్చాలని నిర్ణయం అయ్యాకే. సేఫ్టీ దించడం వేరు, వేలు లోపలికి పోవడం వేరు. సాధనలో ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోండి.

కాల్చేంతసేపూ బొటనవేలు మీట పైనే ఉండాలి. కింద పెట్టుకుంటే ఎగురుడికి వేలు మీటను పైకి తోసి రెండో తూటాకే సేఫ్టీ పడిపోతుంది. ఇందులో ఒక చిక్కుంది. బొటనవేలు పైకి లేచేసరికి కొందరి అరచేయి పిడి వెనక నుంచి తేలిపోతుంది, గ్రిప్ సేఫ్టీ పూర్తిగా నొక్కుకోదు, ట్రిగ్గర్ చచ్చినట్టు ఉంటుంది. అందుకే ఇప్పటి గ్రిప్ సేఫ్టీల అడుగున బొడిపె ఉంటుంది. మీ దానికి లేకపోతే, చేయి సన్నదైతే, మార్పించుకోండి. టేపు చుట్టి గ్రిప్ సేఫ్టీని శాశ్వతంగా నొక్కి పెట్టే సలహాలు దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు.

తిరిగి పెట్టేటప్పుడు ప్రమాదం ఎక్కువ, తొందర మాత్రం ఎప్పుడూ లేదు. వేలు బయటికి. సేఫ్టీ పైకి. పిస్టల్‌ని రొమ్ము దగ్గరికి తెచ్చి ఒకసారి చుట్టూ చూడండి. ఎడమ చేత్తో బట్ట తొలగించి, హోల్‌స్టర్ మూతిని కంటితో చూడండి: చొక్కా కొస, జాకెట్టు తాడు, తాడు చివరి ప్లాస్టిక్ గుబ్బ. ట్రిగ్గర్ గార్డులో ఇరుక్కునేవి ఇవే. ఇప్పుడు బొటనవేలిని మీట మీద నుంచి తీసి ఎక్కి ఉన్న హ్యామర్ వెనక ఆనించండి. ఇందులో రెండు లాభాలు. ఏదైనా తేడా జరిగి హ్యామర్ కదిలితే వేలికి ముందే తెలుస్తుంది. వేలు అక్కడికి పోగానే అరచేయి పిడి నుంచి కొంచెం లేస్తుంది కాబట్టి గ్రిప్ సేఫ్టీ కూడా తిరిగి పనిలోకి వస్తుంది. అలా మెల్లగా దించండి. ఏమాత్రం అడ్డు తగిలినా నొక్కొద్దు, పైకి తీసి చూసి మళ్లీ మొదలుపెట్టండి. పొట్ట ముందు పెట్టుకునేవాళ్లు నడుము ముందుకు తోసి, పై ఒళ్లు వెనక్కి వాల్చాలి. అప్పుడు మూతి తొడ వైపు కాకుండా బయటికి చూస్తుంది. ఇంకా భద్రమైనది, హోల్‌స్టర్‌ని విప్పి చేతిలో పట్టుకుని పిస్టల్ అందులో పెట్టి, రెండూ కలిపి నడుముకు తగిలించుకోవడం.

స్ట్రైకర్ నుంచి వచ్చినవాళ్ల అసలు ఇబ్బంది మీట దించడం మరవడం కన్నా వేయడం మరవడం. పిస్టల్ గురి మీద నుంచి కిందికి వచ్చిన ప్రతిసారీ సేఫ్టీ పైకి వెళ్లాలని నియమం పెట్టుకోండి. ఉత్తుత్తి తూటాలతో రోజుకి 20 సార్లు, పది నిమిషాలకి మించకుండా, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి. అలసిపోయాక చేసే సాధన తప్పునే అలవాటు చేస్తుంది.

చేతి నుంచి జారితే పట్టుకోబోకండి. గాలిలో పిస్టల్‌ని పట్టబోయిన వేళ్లకి దొరికేది ట్రిగ్గరే. పడనివ్వండి.

సియర్‌గాడి:

పడటం అన్నారు కాబట్టి ఒక్క ముక్క. సిరీస్ 70 తరహాలో ఫైరింగ్ పిన్‌కి అడ్డు లేదు, దాన్ని వెనక్కి పట్టేది ఒక స్ప్రింగే. మూతి కిందికి ఉండేలా గట్టి నేల మీద పడితే, ఎత్తు చాలితే, పిన్ తన బరువుకే ముందుకు దూసుకొచ్చి ప్రైమర్‌ని (తూటా అడుగున దెబ్బకి అంటుకునే భాగాన్ని) కొట్టగలదు. సేఫ్టీ మీట దీన్ని ఆపదు, అది ఆపేది సియర్‌ని. విరుగుడు రెండు: తేలికైన టైటానియం పిన్, బలమైన పిన్ స్ప్రింగు. కొనే ముందు పిన్ మొన వ్యాసం మీ పిస్టల్‌దే అని చూసుకోండి, 9 ఎం.ఎం.కి మామూలుగా సన్నది. కోల్ట్ సిరీస్ 80లో ట్రిగ్గర్ లాగితేనే తొలిగే అడ్డు ఉంటుంది. కింబర్ రెండో సిరీస్, స్మిత్ అండ్ వెసన్ 1911లలో ఆ అడ్డు గ్రిప్ సేఫ్టీతో కదులుతుంది. ఈ రెండో రకంలో విప్పి శుభ్రం చేసి స్లైడ్‌ని తిరిగి ఎక్కించేటప్పుడు గ్రిప్ సేఫ్టీ నొక్కి పట్టకండి. పైకి లేచిన చిన్న కడ్డీ స్లైడ్‌కి తగిలి దెబ్బతింటుంది.

కొలకట్టె:

రాత్రి ఖాళీ చేయడం గురించి. నా సలహా: చేయకండి. హోల్‌స్టర్‌తో సహా విప్పి, ఆ గూడులోనే ఉంచి తాళం పెట్టెలో పెట్టండి, పొద్దున్నే అలాగే తీసి తగిలించుకోండి. ట్రిగ్గర్ ఎప్పుడూ కప్పే ఉంటుంది, సేఫ్టీ ఎప్పుడూ వేసే ఉంటుంది. ఇలా ఎత్తి దించే సార్లు తగ్గేకొద్దీ పొరపాటుకి చోటు తగ్గుతుంది.

ఖాళీ చేయక తప్పనప్పుడు వరస ఇది: మూతి భద్రమైన దిక్కుకి, వేలు బయట. మొదట మ్యాగజైన్ తీయండి. తర్వాతే సేఫ్టీ దించండి. స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగండి, తూటా నేల మీద పడనివ్వండి. తూటా బయటికొచ్చే కిటికీ మీద అరచేయి పెట్టి పట్టుకునే అలవాటు కొందరికి ఉంది, అది మానాలి. సగంలో ఆగిన తూటా ప్రైమర్‌కి ఎజెక్టర్ (తూటాని బయటికి తన్నే ముక్క) మొన గుచ్చుకుంటే అరచేతిలోనే పేలుతుంది, పొడవాటి ఎజెక్టర్ ఉన్నవాటిలో మరీను. స్లైడ్ ఆపి, చాంబర్‌లోకి చూసి, చిటికెనవేలితో తడమండి. మ్యాగజైన్ ముందు తీయకుండా స్లైడ్ లాగితే ఒక తూటా బయటికొచ్చి ఇంకొకటి లోపలికి పోతుంది. ‘ఖాళీ’ పిస్టల్ పేలడం వెనక మామూలుగా ఉండే కథ ఇదే.

అదే తూటాని రోజూ ఎక్కించి దించితే ఫీడ్ ర్యాంప్‌కి (తూటాని చాంబర్‌లోకి మళ్లించే వాలుకి) గుద్దుకుని బుల్లెట్ కొంచెం కొంచెం కేసు (మందు ఉండే డొప్ప) లోపలికి దిగుతుంది. లోపలి చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. 9 ఎం.ఎం. గరిష్ఠ పొడవు 29.69 మిల్లీమీటర్లు, 45 ఏసీపీ అనే పెద్ద తూటాది 32.39. ఆత్మరక్షణ తూటాలు అంతకన్నా పొట్టిగానే తయారవుతాయి కాబట్టి ఈ అంకెలతో కాదు, అదే పెట్టెలోని కొత్త తూటాతో పోల్చి కాలిపర్‌తో కొలవండి. పావు మిల్లీమీటరు తగ్గినా పక్కన పెట్టేస్తాను. చాంబర్ నుంచి తీసిన ప్రతిసారీ కేసు అడుగున పెన్నుతో ఒక గీత గీస్తే మూడు గీతలకి దాన్ని ధరించడం ఆపొచ్చు.

తూటాని చేత్తో నేరుగా చాంబర్‌లో వేసి స్లైడ్ వదలొద్దు. 1911 ఎక్స్‌ట్రాక్టర్ (తూటా అంచుని పట్టి వెనక్కి లాగే కొక్కెం) తనంతట తనే స్ప్రింగులా పనిచేసే ఒకే ఉక్కు ముక్క. తూటా కింద నుంచి జారి కొక్కెం కిందికి రావాలి. ముందే చాంబర్‌లో ఉన్న తూటా అంచు మీదికి కొక్కెం బలవంతంగా ఎక్కితే దాని పట్టు చెడుతుంది, విరగనూ వచ్చు. మ్యాగజైన్ నుంచే ఎక్కించండి. సేఫ్టీ వేయండి. మ్యాగజైన్ తీసి ఒక తూటా చేర్చి, మూసి ఉన్న స్లైడ్ కిందికి గట్టిగా తోసి, కిందికి ఒకసారి లాగి చూడండి.

కొత్తపిడి:

పరీక్షలు చేశాను. మూడు సరిగ్గా ఉన్నాయి. సేఫ్టీ పరీక్షలో హ్యామర్ పడలేదు కానీ చెవి దగ్గర పెట్టి లాగితే సన్నగా ‘టిక్’ వినబడుతోంది. ఇంతకు ముందు యజమాని ట్రిగ్గర్ తేలిక చేయించాడట, లాగుడు కిలోన్నర కూడా లేదు. సేఫ్టీ గుబ్బని నేనే కొంచెం అరగదీసి సరిచేయొచ్చా?

సియర్‌గాడి:

అరగదీస్తే సందు ఇంకా పెరుగుతుంది. అక్కడ కావలసింది లోహం. కొంచెం పెద్ద గుబ్బతో వచ్చే కొత్త సేఫ్టీ మీట కొని, దాన్ని మీ సియర్‌కి సరిపెట్టించాలి. ఆకురాయి పట్టేది తుపాకుల పనివాడే అయి ఉండాలి, ఒక్క గీటు ఎక్కువైతే ఆ భాగం కూడా పారేయడమే. అప్పుడే ట్రిగ్గర్ లాగుడు కూడా రెండు నుంచి రెండున్నర కిలోలకి తెమ్మనండి. ధరించే పిస్టల్‌కి కిలోన్నర తక్కువ. సియర్ స్ప్రింగు మూడు రేకుల్లో ఎడమది సియర్‌ని, మధ్యది డిస్‌కనెక్టర్‌నీ ట్రిగ్గర్‌నీ, కుడిది గ్రిప్ సేఫ్టీని నెడుతుంది. తేలిక చేయడానికి ఎడమ, మధ్య రేకులని వంచేసి ఉంటారు. ఎడమది మరీ వదులైతే స్లైడ్ మూసుకునే దెబ్బకే సియర్ మొన జారి హ్యామర్ హాఫ్ కాక్‌కి పడుతుంది. కొక్కేలు గుండ్రంగా అరిగి ఉంటే స్ప్రింగు వంచినా లాభం లేదు, హ్యామర్, సియర్ రెండూ మార్చాలి. ఆ పని కూడా ఒకేసారి చూడమనండి.

పనివాడు తిరిగి ఇచ్చాక నాలుగు పరీక్షలూ మళ్లీ మొదటి నుంచి చేయండి. తర్వాత రేంజ్‌లో మ్యాగజైన్‌లో రెండేసి తూటాలే పెట్టి మొదలుపెట్టండి. ఒక్క లాగుడుకి రెండు పేలితే, హ్యామర్ స్లైడ్ వెంట కిందికి వస్తే అక్కడే ఆపి వెనక్కి పంపండి. అంతవరకు పాత పిస్టలే ధరించండి.